గేర్‌బాక్స్ మౌంటింగ్ అరిగినప్పుడు: పూర్తి మౌంటా, బుష్ మాత్రమేనా, పాలీయురిథేనా?

సిగ్నల్ దగ్గర ఏసీ వేసుకుని నిలబడినప్పుడు గేరు రాడ్డు చేతి కింద సన్నగా వణుకుతుంది. రివర్స్ వేసి క్లచ్ వదలగానే కింద ఎక్కడో ధబ్‌మని ఒక దెబ్బ వినిపిస్తుంది. రెండో గేరులో యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసి మళ్లీ నొక్కితే బండి ఒకసారి ముందుకూ వెనక్కూ ఊగి సర్దుకుంటుంది. ఈ మూడు లక్షణాలూ చెప్పగానే షెడ్డులో మెకానిక్ నోటి నుంచి వచ్చే మాట సాధారణంగా ఒక్కటే: "ఫౌండేషన్ పోయింది సార్." ఇంజిన్‌నూ గేర్‌బాక్సునూ బండి చట్రానికి పట్టి ఉంచే రబ్బరు దిమ్మలనూ బుష్‌లనూ (లోహపు గొట్టం చుట్టూ రబ్బరు ఉండే చుట్టలనూ) మన వైపు ఫౌండేషన్ అనీ మౌంటింగ్ అనీ రెండు పేర్లతోనూ పిలుస్తారు.

చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. విడిభాగాల దుకాణంలో కౌంటరు వెనక ఉన్నాయన "కంపెనీదా, బయటిదా, బుష్ ఒక్కటే కొట్టించుకుంటారా?" అని అడుగుతాడు. కార్ల మీద మోజున్న మిత్రుడు పాలీయురిథేన్ (రబ్బరు కంటే గట్టిగా ఉండే ప్లాస్టిక్ లాంటి పదార్థం) వేయిస్తే జన్మలో మళ్లీ మార్చక్కర్లేదంటాడు. మెకానిక్ పాత సామాన్ల కొట్లో మంచి ముక్క దొరుకుతుందంటాడు. ముగ్గురూ ధర దగ్గరే మొదలుపెడతారు. నా అనుభవంలో ధర కంటే ముందు తేలవలసిన ప్రశ్న వేరే ఉంది: పోయిన మౌంటు బరువు మోసేదా, లేక ఇంజిన్ మెలి తిరగకుండా ఆపేదా? ఆ సంగతి తేలితే మిగిలిన ఎంపిక సగం దానంతటదే తేలిపోతుంది.

## అసలు పోయింది అదేనా?

కొత్త మౌంటు కొనే ముందు పది నిమిషాలు వెచ్చించి నిర్ధారించుకోవడం మంచిది, ఎందుకంటే ఇవే లక్షణాలు వేరే కారణాల వల్ల కూడా వస్తాయి. ఐడిల్ (బండి నిలబడి ఇంజిన్ మాత్రమే తిరిగేటప్పటి) వేగం పడిపోయినా, ఒక సిలిండరు సరిగా మండకపోయినా నిలబడిన బండి వణుకుతుంది. క్లచ్ ప్లేటు అరిగితే బండి కదిలేటప్పుడు దడదడలాడుతుంది. యాక్సిల్ లోపలి జాయింటు అరిగితే వేగం అందుకునేటప్పుడు కుదుపు వస్తుంది. లోయర్ ఆర్మ్ బుష్ పోతే బ్రేకు వేసినప్పుడు టక్కుమంటుంది. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా మౌంటు మార్చిన తర్వాత డబ్బు పోయి శబ్దం మాత్రం మిగులుతుంది.

పరీక్ష సులువే. చదునైన చోట బండిని నిలిపి, హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగి, బానెట్ ఎత్తి ఉంచి, నమ్మకమైన మనిషిని సీట్లో కూర్చోబెట్టి, బ్రేకు తొక్కి పట్టుకునే మొదటి గేరులో ఒకసారి, రివర్స్‌లో ఒకసారి క్లచ్‌ను కొద్దిగా వదిలి మళ్లీ తొక్కమనాలి. మీరు బండికి ఎదురుగా కాక పక్కన నిలబడి ఇంజిన్ ఎంత ఊగుతోందో చూడాలి. కొద్దిగా ఊగి ఆగడం సహజం. ఎగిరి పడి లోహానికి లోహం తగిలిన శబ్దం వస్తే మౌంటు పోయినట్టే. ఆ తర్వాత టార్చి వేసి రబ్బరును చూడాలి: పైపైన సన్నని గీతలుంటే అది వయసు మాత్రమే, రబ్బరు లోహపు గొట్టం నుంచి ఊడి వచ్చినా, మధ్య గొట్టం ఒక పక్కకు కూలబడినా, రబ్బరు ఆయిల్ తాగి ఉబ్బి జిగటగా మారినా మార్చవలసిందే.

జిగటగా మారిన రబ్బరు దగ్గర ఒక్క క్షణం ఆగాలి. మౌంట్లలో ఎక్కువగా వాడే సహజ రబ్బరుకు ఆయిల్ అంటే పడదు; ఇంజిన్ ఆయిల్ గానీ డీజిల్ గానీ నిత్యం కారుతుంటే అది ఉబ్బి మెత్తబడుతుంది. పైన వాల్వ్ కవర్ గ్యాస్కెట్ నుంచో, యాక్సిల్ సీలు నుంచో ఆయిల్ కారుతుండగా కింద ఎంత ఖరీదైన మౌంటు వేసినా దానికీ అదే గతి. ముందు సీలు, తర్వాత మౌంటు.

## ఎంచుకునే ముందు చూడవలసినవి

బరువా, మెలికా. మన రోడ్ల మీద తిరిగే హ్యాచ్‌బ్యాకుల్లో చాలా వాటికి ఇంజిన్ అడ్డంగా ఉండి ముందు చక్రాలను తిప్పుతుంది. వీటిలో సాధారణంగా ఒక వైపు ఇంజిన్ మౌంటు, మరో వైపు గేర్‌బాక్స్ మౌంటు కలిసి మొత్తం బరువును మోస్తాయి. కింద వెనక వైపు బొమిక ఆకారంలో ఉండే టార్క్ రాడ్డు బరువు మోయదు గానీ ఇంజిన్ ముందుకూ వెనక్కూ దొర్లకుండా ఆపుతుంది. కొన్ని మోడళ్లలో ఈ రాడ్డుకు బదులు ముందొకటి, వెనకొకటి మౌంట్లు ఉంటాయి. బొలెరో, స్కార్పియో, ఇన్నోవా క్రిస్టా, ఈకో వంటి వెనక చక్రాల బండ్లలో లెక్క వేరు: ఇంజిన్‌కు రెండు పక్కలా రెండు మౌంట్లు, గేర్‌బాక్సు తోక కింద క్రాస్ మెంబరు (చట్రానికి అడ్డంగా ఉండే పట్టీ) మీద ఒక మౌంటు ఉండటం పరిపాటి.

ఈ తేడా ఎందుకు ముఖ్యమో ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. ఇంజిన్ టార్క్ (మెలితిప్పే బలం) 110 న్యూటన్ మీటర్లు, మొదటి గేరు నిష్పత్తి 3.5, ఫైనల్ డ్రైవ్ (గేర్‌బాక్సు తర్వాత చక్రాలకు ముందు ఉండే చివరి గేర్ల నిష్పత్తి) 4 అనుకుందాం. ముందు చక్రాల బండిలో గేర్‌బాక్సూ డిఫరెన్షియలూ ఒకే పెట్టెలో ఉంటాయి కాబట్టి చక్రాలకు అందే 1,540 న్యూటన్ మీటర్ల మెలికకు ఎదురు మెలిక అంతా మౌంట్ల మీదే పడుతుంది. వెనక చక్రాల బండిలో ఫైనల్ డ్రైవ్ వెనక యాక్సిల్‌లో ఉంటుంది కాబట్టి ముందున్న మౌంట్ల వాటాకు వచ్చేది 385 మాత్రమే. అందుకే ముందు చక్రాల బండిలో టార్క్ రాడ్డు బుష్ చిరిగిపోతుంది. వెనక చక్రాల బండిలో గేర్‌బాక్స్ మౌంటు చిరగడం కంటే మెల్లగా కూలబడటం ఎక్కువ. కూలబడినప్పుడు గేర్‌బాక్సు నుంచి వెనక యాక్సిల్‌కు శక్తిని చేర్చే ప్రొపెల్లర్ షాఫ్టు కోణం మారి, ఏదో ఒక వేగం దగ్గర మాత్రమే వచ్చే వణుకు మొదలవుతుంది. చక్రాల బ్యాలెన్సింగ్ ఎన్నిసార్లు చేయించినా ఆ వణుకు పోదు.

గట్టిదనం. రబ్బరు గట్టిదనాన్ని షోర్ ఏ అనే కొలతలో చెబుతారు. కార్లతో వచ్చే మౌంట్ల రబ్బరు సుమారు 45 నుంచి 65 మధ్య, మార్కెట్లో దొరికే పాలీయురిథేన్ బుష్‌లు సుమారు 70 నుంచి 95 మధ్య ఉంటాయి. గట్టిగా ఉంటే బలంగా ఉన్నట్టేనని అనుకోవడం దగ్గరే చాలామంది పొరపాటు పడతారు. మౌంటు ఇంజిన్‌ను పట్టుకోవాలి, దాని వణుకును మాత్రం బాడీకి చేరనివ్వకూడదు. ఈ రెండు పనులూ ఒకదానికొకటి ఎదురు.

నాలుగు సిలిండర్ల ఇంజిన్ నిమిషానికి 800 చుట్లు తిరుగుతున్నప్పుడు సెకనుకు దాదాపు 27 సార్లు మండుతుంది. మూడు సిలిండర్లదైతే 20 సార్లే. మౌంట్ల మీద ఊగే ఇంజిన్‌కు దాని సొంత ఊపు ఒకటి ఉంటుంది. ఇంజిన్ మంటల లయ ఆ ఊపుకు 1.4 రెట్లు దాటినప్పుడే మౌంటు వణుకును తగ్గించడం మొదలుపెడుతుంది. సొంత ఊపు సెకనుకు 10 సార్లు ఉన్న ఇంజిన్‌కు అన్ని మౌంట్లూ నాలుగు రెట్లు గట్టివి వేస్తే ఆ ఊపు రెట్టింపై 20 అవుతుంది, అంటే మూడు సిలిండర్ల ఇంజిన్ ఐడిల్ లయకు సరిగ్గా జోడీ కుదురుతుంది. అప్పుడు మౌంటు వణుకును తగ్గించకపోగా పెంచుతుంది. పాత వ్యాగన్ ఆర్ 1.0 మొదలుకొని టియాగో పెట్రోలు, 2024లో వచ్చిన స్విఫ్ట్ దాకా మూడు సిలిండర్ల బండ్లు మన దగ్గర ఎన్ని ఉన్నాయో తలచుకుంటే ఈ లెక్క కాగితానికి పరిమితమైనది కాదని అర్థమవుతుంది.

బ్రాకెట్టు స్థితి, కూలి. బుష్‌ను పట్టుకునే బ్రాకెట్టు వంగకుండా, పగలకుండా ఉంటేనే బుష్ మాత్రమే మార్చడం గురించి ఆలోచించాలి. కూలి విషయానికొస్తే, గేర్‌బాక్సు కింద జాకీ పెట్టి మౌంటు విప్పి మళ్లీ బిగించే శ్రమ చవక మౌంటుకైనా ఖరీదైన దానికైనా ఒకటే. ఉదాహరణకు కూలి 1,500 రూపాయలు అనుకుంటే, 1,000 రూపాయల మౌంటు ఏడాదిన్నరకూ 3,000 రూపాయల మౌంటు ఆరేళ్లకూ వస్తే మొదటిది ఏడాదికి దాదాపు 1,670, రెండోది 750 పడుతుంది.

## ఒక్కొక్క దారి

### కంపెనీ పూర్తి మౌంటు

బండి తయారీదారు పెట్టెలో వచ్చే మౌంటులో రబ్బరు గట్టిదనం, మధ్యలో ఖాళీల ఆకారం, బ్రాకెట్టు కొలతలు అన్నీ ఆ ఇంజిన్‌కు సరిచూసి చేసినవి. మౌంటు రబ్బరులో కనిపించే ఆ ఖాళీలు పొదుపు కోసం పెట్టినవి కావు. చిన్న వణుకుకు మెత్తగా, పెద్ద ఊపుకు గట్టిగా స్పందించడానికే రబ్బరును అలా పోస్తారు. ఇంజిన్ వైపు మౌంటు కొన్ని బండ్లలో లోపల ద్రవం ఉన్న హైడ్రాలిక్ రకం. దాని నుంచి ద్రవం కారితే బుష్ మార్చడం అనే మాటే ఉండదు, మొత్తం మార్చవలసిందే.

ఇక్కడ జాగ్రత్త పడవలసినది పార్టు నంబరు దగ్గర. ఒకే మోడల్‌లో పెట్రోలుకూ డీజిల్‌కూ, మాన్యువల్‌కూ ఆటోమేటిక్‌కూ మౌంట్లు వేరుగా ఉండటం మామూలే కాబట్టి మోడల్ పేరు చెప్పి కొనకుండా ఛాసిస్ నంబరు చెప్పి తీసుకోవాలి. పెట్టె మీద ధరతో పాటు తయారైన నెల, సంవత్సరం ఉంటాయి. రబ్బరు అల్మారాలో ఉన్నా వయసు పైబడుతుంది కనుక ఆ తేదీని చూడటం కూడా బేరంలో భాగమే.

### బయటి తయారీదారుల పూర్తి మౌంటు

ఈ మాట కింద రెండు వేర్వేరు ప్రపంచాలున్నాయి. జడ్‌ఎఫ్ సంస్థకు చెందిన లెమ్‌ఫర్డర్, ఫ్రాయిడెన్‌బర్గ్‌కు చెందిన కోర్టెకో వంటి పేర్ల మీద వచ్చే సరుకు ఒకటి. జర్మన్ కార్లున్నవారికీ, అమెరికా, యూరప్‌లలో ఉంటున్న మనవారికీ ఇది బాగా పరిచయం. అక్కడ చాలామందికి కంపెనీ మౌంటు కంటే ఇదే తెలివైన కొనుగోలు. రెండోది పేరు లేని పెట్టెలో, ఏ గట్టిదనమో ఎక్కడా రాయని నల్లని ముద్ద. చూపుకు రెండూ ఒకలాగే ఉంటాయి.

పేరు లేని దాన్ని కౌంటరు దగ్గరే కాస్త పరీక్షించవచ్చు. రబ్బరూ లోహమూ కలిసే అంచు వెంట గోరు పోనిచ్చి చూస్తే, సరిగా అతికించినది ఎక్కడా లేవదు. మధ్య గొట్టం నిట్టనిలువుగా ఉండాలి, బోల్టు రంధ్రాలు పాత మౌంటు రంధ్రాల మీద సరిగ్గా కూర్చోవాలి. పాత ముక్కను సంచిలో వేసుకుని దుకాణానికి వెళ్లడం మోటుగా కనిపించినా, రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసిన మనిషి రెండోసారి దుకాణానికి తిరగనక్కర్లేదు.

### రబ్బరు బుష్ మాత్రమే కొట్టించడం

బ్రాకెట్టు గట్టిగా ఉండి, ఆ బండికి బుష్ విడిగా దొరికితే ఇది చక్కని దారి. టార్క్ రాడ్డులకూ, కొన్ని సబ్‌ఫ్రేమ్ బుష్‌లకూ ఇది ఎక్కువగా పనికొస్తుంది. విజయవాడ ఆటోనగర్‌లో గానీ, హైదరాబాదు పుత్లీబౌలి చుట్టుపక్కల గానీ లేత్ మిషనూ హైడ్రాలిక్ ప్రెస్సూ ఉన్న షెడ్లకు ఇది రోజువారీ పని.

పని ఎలా చేస్తున్నారో పక్కన నిలబడి చూడటం మంచిది. తెలిసిన పనివాడు పాత బుష్ రబ్బరును ముందు తీసేస్తాడు. బయటి లోహపు గొట్టం మొండికేస్తే హాక్సా బ్లేడును లోపలికి దూర్చి, బ్రాకెట్టు గోడకు గీత పడకుండా గొట్టాన్ని మాత్రమే నిలువుగా కోసి, ఉలితో లోపలికి మడిచి లాగేస్తాడు. తుప్పును గీకి, రంధ్రం అంచును అరంతో కొద్దిగా సాపు చేసి, సబ్బునీళ్లు రాసి, కొత్త బుష్ బయటి గొట్టానికి సరిపోయే మందపాటి గొట్టాన్ని ఆనించి ప్రెస్సు దించుతాడు. బుష్ ఏమాత్రం వంకరపడకుండా గుయ్‌మని సాగుతూ దిగి అంచు దగ్గర ఆగుతుంది. తెలియనివాడు సుత్తి తీసుకుంటాడు, లేదా ఇంజిన్ ఆయిల్ పూస్తాడు, లేదా ప్రెస్సు మధ్య గొట్టం మీద ఆనించి రబ్బరు అతుకును ఆ రోజే తెంపేస్తాడు. మూడింటిలో ఏది కనిపించినా పని ఆపించడం మేలు.

ఇంకొక సంగతి: ఖాళీలున్న బుష్‌కు దిశ ఉంటుంది. పాతది తీసే ముందే ఆ ఖాళీలు ఏ వైపు ఉన్నాయో బ్రాకెట్టు మీద సుద్దతో గీత గీసుకోవాలి. తొంభై డిగ్రీలు తిప్పి కొట్టేస్తే మెత్తగా ఉండవలసిన వైపు గట్టిగా, గట్టిగా ఉండవలసిన వైపు మెత్తగా తయారవుతుంది.

### పాలీయురిథేన్ బుష్

దీని సుగుణాలు నిజమైనవే. ఆయిల్‌కు లొంగదు, చిరగడం అరుదు, గేరు పడేటప్పుడు ఇంజిన్ ఊగదు కాబట్టి గేరు రాడ్డు స్పష్టంగా కదులుతుంది, కాలు వేయగానే బండి స్పందిస్తుంది. రెండు ముక్కలుగా వచ్చే రకమైతే ప్రెస్సు లేకుండానే చేత్తో దూర్చవచ్చు. బ్రిటన్‌కు చెందిన పవర్‌ఫ్లెక్స్ వంటి తయారీదారులు ఒకే చోటికి వేర్వేరు గట్టిదనాల్లో బుష్‌లు అమ్ముతారు. వీధుల్లో తిరిగే బండికి వాటిలో మెత్తనిదే చాలు, రేసు ట్రాకు కోసం చేసినది ఊళ్లో అనవసరం.

దోషం వణుకు దగ్గర. మా ఇంట్లో ఉన్న మూడు సిలిండర్ల పాత హ్యాచ్‌బ్యాక్ టార్క్ రాడ్డుకు నేను దీన్ని వేయించాను. మొదటి రోజు గేర్లు వెన్నలో కత్తి దిగినట్టు పడ్డాయి. ఆ రాత్రి సిగ్నల్ దగ్గర ఏసీ కంప్రెసర్ అందుకోగానే లోపలి అద్దం వణికి, వెనక ఆగిన లారీ హెడ్‌లైట్లు రెండూ నాలుగుగా కనిపించాయి. డ్యాష్‌బోర్డు అరలో ఉన్న చిల్లర నాణేలు కంప్రెసర్ ఆగేదాకా పాడుతూనే ఉన్నాయి. మూడు వారాలు ఓపిక పట్టి, రబ్బరు బుష్ ఉన్న కొత్త రాడ్డు వేయించుకున్నాను. తప్పు బుష్‌ది కాదు. ఊళ్లో సగం సమయం ఐడిల్‌లో గడిపే బండికి దాన్ని ఎంచుకున్న నాది. ఇదే బుష్ నాలుగు సిలిండర్ల టర్బో బండిలో, ఎక్కువగా హైవే మీద తిరిగే మనిషికి బాగా నచ్చవచ్చు.

పాలీయురిథేన్ మధ్య గొట్టానికి అతుక్కుని ఉండదు, దాని చుట్టూ తిరుగుతుంది. అందువల్ల దానితో వచ్చే ప్రత్యేక గ్రీజు తప్పనిసరిగా రాయాలి, లేకపోతే కొన్నాళ్లకు కిర్రుమంటుంది. బరువు మోసే గేర్‌బాక్స్ మౌంటుకు దీన్ని వేయమని రోజువారీ బండి ఉన్న ఎవరికీ నేను చెప్పను.

### ఖాళీలు నింపే ఇన్సర్టు

అసలు బుష్‌ను కదపకుండా దాని ఖాళీల్లోకి దూర్చి బోల్టుతో పట్టించే పాలీయురిథేన్ ముక్కలు ఇవి. పోలో వంటి ఫోక్స్‌వ్యాగన్ బండ్ల టార్క్ మౌంటుకు వీటిని ఎక్కువగా వాడతారు. నచ్చకపోతే గంటలో తీసేయవచ్చు కాబట్టి పాలీయురిథేన్ రుచి చూడాలనుకునేవారు ఇక్కడ మొదలుపెట్టడం మంచిది. అయితే ఇది బాగున్న రబ్బరుకు తోడు మాత్రమే. చిరిగిన బుష్‌కు వేస్తే చినుగును దాచిపెడుతుంది, అంతే.

### పాత మౌంటు, రబ్బరు పోయించడం

పాత బండి నుంచి తీసిన మౌంటు మీ మౌంటు వయసుదే అయి ఉంటుంది, పైగా ఎంతకాలం ఎండలో పడి ఉందో తెలియదు. దొరకని మోడళ్లకు బ్రాకెట్టు కోసం కొని దానిలో కొత్త బుష్ వేయించుకోవడం ఒక్కటే దీనికి సరైన ఉపయోగం. అద్దాలు అతికించే జిగురునో ద్రవ పాలీయురిథేన్‌నో ఖాళీల్లో పోసి గట్టిపరచడం కూడా కొందరు చేస్తారు. రబ్బరు ముందుగా మసి లేకుండా, ఆయిల్ లేకుండా శుభ్రపడితే తప్ప అది పట్టదు, పట్టినా గట్టిదనం మన చేతిలో ఉండదు. తయారీ ఆగిపోయిన బండికి తప్ప నేను దీని జోలికి వెళ్లను.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| ఎంపిక | నిలబడినప్పుడు వణుకు | ఆయిల్ తగిలితే | కావలసిన పని | సరిపోయే చోటు |
|---|---|---|---|---|
| కంపెనీ పూర్తి మౌంటు | అతి తక్కువ | పాడవుతుంది | విప్పడం, బిగించడం | బరువు మోసే మౌంట్లు, హైడ్రాలిక్ మౌంట్లు |
| పేరున్న బయటి మౌంటు | తక్కువ | పాడవుతుంది | విప్పడం, బిగించడం | అన్ని చోట్లా |
| పేరు లేని మౌంటు | చెప్పలేం | పాడవుతుంది | కొన్నిసార్లు రంధ్రాలు సర్దాలి | కౌంటరు దగ్గర పరీక్షించి చూశాకే |
| రబ్బరు బుష్ మాత్రం | తక్కువ | పాడవుతుంది | ప్రెస్సు తప్పనిసరి | టార్క్ రాడ్డు, బ్రాకెట్టు ఖరీదైన బండి |
| పాలీయురిథేన్ బుష్ | ఎక్కువ | తట్టుకుంటుంది | గ్రీజు, కొన్నిటికి ప్రెస్సు | టార్క్ రాడ్డు మాత్రమే |
| ఇన్సర్టు | కొంత పెరుగుతుంది | తట్టుకుంటుంది | చాలా తక్కువ | బాగున్న టార్క్ బుష్ |

## ఎవరికి ఏది

ఊళ్లో ఆఫీసుకు తిరిగే మూడు సిలిండర్ల హ్యాచ్‌బ్యాక్ అయితే ఆలోచించవలసిన పని లేదు: గేర్‌బాక్స్ మౌంటు కంపెనీది, టార్క్ రాడ్డుకు రబ్బరు బుష్. రెండూ ఒకేసారి పోకపోయినా రెండింటినీ ఒకేసారి పరీక్షించుకోవాలి, ఎందుకంటే ఒకటి వదులైతే దాని వంతు దెబ్బలు రెండోది తింటుంది. ఏఎంటీ (క్లచ్ పెడలు లేకుండా తానే గేర్లు మార్చుకునే) బండిలో గేరు మారేటప్పుడు సహజంగానే కొంత తల ఊపు ఉంటుంది కాబట్టి మౌంటు అరుగుదల అందులో కలిసిపోయి ఆలస్యంగా బయటపడుతుంది. ఊపు మునుపటికంటే పెరిగిందనిపిస్తే క్లచ్ మీద ఖర్చు పెట్టకముందే మౌంట్లు చూపించుకోవాలి.

ట్యాక్సీకి తిప్పేవారికి బండి ఆగిన రోజు ఆదాయం పోయిన రోజే. వారికి చవక మౌంటు పైన చెప్పిన లెక్క ప్రకారం ఖరీదైనదే అవుతుంది. వెనక చక్రాల బండి అయితే గేర్‌బాక్సు తోక మౌంటు మార్చడం ముందు చక్రాల బండి కంటే సులువు, క్రాస్ మెంబరు దించితే చేతికి అందుతుంది. అందులో పాలీయురిథేన్ వేస్తే గేర్‌బాక్సు రొద నేరుగా బాడీలోకి ఎక్కి వెనక సీటు ప్రయాణికుడి చెవిలో మోగుతుంది.

ఆరు నెలల్లో బండి అమ్మేయాలనుకుంటున్నవారిని పూర్తి ఖరీదు పెట్టమనడం న్యాయం కాదు. పేరున్న బయటి మౌంటు వారికి సరిపోతుంది. కానీ చినిగిన మౌంటు మీద ఇన్సర్టు బిగించి అమ్మడం కొనేవాడిని మోసం చేయడమే.

వేగం మీద ఇష్టంతో బండికి మార్పులు చేయించుకునేవారు టార్క్ రాడ్డు దగ్గర ఇన్సర్టుతో మొదలుపెట్టి, నెల రోజులు ఏసీతో, వానలో, కుటుంబంతో తిరిగి చూసిన తర్వాతే బుష్‌కు వెళ్లడం మేలు. ఇంట్లో వాళ్ల అభిప్రాయం మొదటి సిగ్నల్ దగ్గరే తెలిసిపోతుంది.

చలి దేశాల్లో ఉంటున్నవారికి ఒక అదనపు మాట. శీతాకాలం రోడ్ల మీద ఉప్పు చల్లే ప్రాంతాల్లో మౌంటు కంటే ముందు దాని బోల్టులు తుప్పు పట్టి పట్టేస్తాయి. పని మొదలుపెట్టే ముందురోజే తుప్పు వదిలించే ద్రవం కొట్టి ఉంచాలి, కొత్త బోల్టులు ముందే తెప్పించుకోవాలి. బ్రాకెట్టు కూడా తుప్పుతో పలచబడి ఉంటుంది గనుక అక్కడ పూర్తి మౌంటుకే మొగ్గు చూపడం మంచిది.

## ఏది కొన్నా బిగింపు చెడితే

మౌంటు విప్పగానే గేర్‌బాక్సు బరువు దిగుతుంది. దాని కింద ముందుగానే జాకీ, జాకీ మీద చెక్కపలక ఉండాలి. పలుచటి ఆయిల్ సంపు మీద జాకీ ఆనిస్తే సంపు సొట్టపోతుంది. బండి మాత్రం జాకీ మీద కాదు, స్టాండుల మీద నిలబడాలి. జాకీ మీద మాత్రమే నిలిచిన బండి కిందికి దూరడం ఏ తొందరలోనూ చేయకూడని పని. గేర్‌బాక్సును అవసరమైనంతే దించాలి, ఎందుకంటే గేరు కేబుళ్లు, రేడియేటర్ గొట్టం, ఏసీ పైపులు, ఎగ్జాస్టు ఫ్లెక్స్ పైపు అన్నీ దానితో పాటు సాగుతాయి. మరీ దించితే యాక్సిల్ లోపలి జాయింటు ఊడి వచ్చి రెండో పని తెచ్చిపెడుతుంది.

బోల్టులన్నిటినీ ముందు చేత్తో ఎక్కించి, ఇంజిన్‌ను దాని సహజ స్థానంలో కూర్చోనిచ్చి, అప్పుడే బిగింపు బలాన్ని కొలిచే టార్క్ పానాతో ఆ బండి వర్క్‌షాపు పుస్తకంలో ఉన్న కొలతకు బిగించాలి. బరువు మోసే మౌంట్లు ముందు, టార్క్ రాడ్డు చివర. రబ్బరు బుష్ బోల్టును ఇంజిన్ వంగి ఉండగా బిగిస్తే రబ్బరు పుట్టిన రోజు నుంచే మెలిపడి ఉంటుంది, అది కంపెనీదైనా సగం కాలానికే చిరుగుతుంది. గేర్‌బాక్సు పెట్టె అల్యూమినియం కాబట్టి పొడవాటి పైపు తగిలించి ఇంకొక్క చుట్టు అని లాగితే మరలు లేచిపోతాయి. ఆ తర్వాతి ఖర్చు ముందు మౌంటు దగ్గర మిగుల్చుకున్న డబ్బుకు కొన్ని రెట్లుంటుంది.

పని అయ్యాక షెడ్డులోనే ఏసీ వేసి, న్యూట్రల్‌లోనూ, రివర్స్‌లో బ్రేకు తొక్కిపట్టి క్లచ్ కొద్దిగా వదిలినప్పుడూ వణుకు ఎలా ఉందో చూసుకోవాలి. ఆ పాత మౌంటును మాత్రం అక్కడే వదిలేయకుండా ఇంటికి తెచ్చుకోండి. ఏ వైపు చిరిగింది, ఆయిల్ తాగిందా లేదా అన్నది వెలుతురులో తీరిగ్గా చూస్తే కొత్తదాని మీదికి పైనుంచి ఏమైనా కారుతోందా అన్న సంగతి తెలుస్తుంది. అనుమానం ఉంటే నెల తర్వాత ఒకసారి టార్చి వేసి కొత్త రబ్బరు మీద వేలు రాసి చూడండి. వేలికి తడి అంటితే సీలు పని ఇంకా మిగిలి ఉన్నట్టే.